ఆ పేరు ఎవరి పట్టా?

పోయిన సంక్రాంతి అయిన నాలుగైదు రోజులకు ఆమె ఫోన్ చేసింది. "అక్కా, నీ పెట్టెల మన పాత సంచికలు ఉన్నయి గదా. జర అన్నీ తీసిపెట్టవా, వకీలు అడుగుతున్నడు" అంది. ఎందుకని అడిగితే చాలా సంబరంగా చెప్పింది. మా పత్రిక పేరును ట్రేడ్‌మార్కు చేయించుకుంటోందట. ఆ పేరును 2003 నుంచి తను వాడుతున్నట్టు ప్రమాణపత్రం రాసివ్వాలట, దానికి రుజువులు జత చేయాలట. "నా దగ్గర ఒక్కటి గూడ లేదక్కా. ఇండ్లు మారుడుల అన్నీ పోయినయి" అంది.

ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. ఫోన్ పెట్టేసి ఆ రేకు పెట్టె వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఆ తర్వాత వారం రోజులు ఇద్దరం ఫోన్లో వాదించుకున్నాం, ఏడ్చుకున్నాం కూడా. సంచికలు ఇవ్వనని ఆమెకు చెప్పేశాను. ఎందుకివ్వనో మాత్రం ఆమె ఒక్కదానికే చెబితే సరిపోదనిపించి ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఈ మధ్య మన మిత్రుల సమావేశాల్లో ఎక్కడ చూసినా ఇదే సలహా వినబడుతోంది. "పేరు రిజిస్టర్ చేయించుకోండి, లేకపోతే ఎవడో ఎత్తుకుపోతాడు." చిన్న పత్రికలవాళ్లకు, రచయిత్రుల బృందాలకు, ఇంట్లోంచి పుస్తకాలు వేసుకునేవాళ్లకు, అందరికీ అదే మాట. చెప్పేవాళ్లు మన మేలు కోరే చెబుతున్నారు. అది మనలో ఎవరికి మేలు అని మాత్రం ఎవరూ అడగడం లేదు.

పత్రిక పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆమె ఎవరో వెంటనే తెలిసిపోతుంది. ఇంత జరిగినా ఆమె నాకు చెల్లెలే.

ముందు ఆ పత్రిక సంగతి చెప్పాలి. 2003లో కేసముద్రంలో మేం ముగ్గురం. నేను సర్కారు బడి పంతులమ్మను. ఆమె ప్రైవేటు బళ్లో చెబుతూ డీఎస్సీకి చదువుకునేది. మూడో ఆమె నర్సు. అవి కరువు రోజులు. చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా పురుగుమందు తాగిన రైతు ఇల్లొకటి ఉండేది, ఆ ఇంట్లో అప్పు నోట్లతో మిగిలిపోయిన ఆడమనిషి ఒకామె ఉండేది. పేపర్లో రైతు పేరు వచ్చేది. ఆమె గురించి 'మృతునికి భార్య, ఇద్దరు పిల్లలు' అని వచ్చేది. ఆ 'భార్య'ల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయాలనుకున్నాం. ఎనిమిది పేజీలు, చేతిరాత, స్టేషన్ రోడ్డులో జిరాక్సు. ఆ ఏడు బతుకమ్మ రోజుల్లో మొదటి సంచిక వచ్చింది. వెల రెండు రూపాయలని రాశాం గానీ ఇచ్చినవాళ్లు ఇచ్చారు, ఇవ్వనివాళ్లను అడగలేదు. చివరి పేజీ కింద, చిన్న పత్రికలవాళ్లంతా రాసినట్టే మేమూ 'ప్రైవేటు సర్క్యులేషన్ కొరకు మాత్రమే' అని రాశాం. అది ఎందుకు రాస్తారో కూడా అప్పుడు మాకు తెలియదు. 2009 దాకా ఇరవై నాలుగు సంచికలు తెచ్చాం. తర్వాత ఆమెకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, నర్సమ్మకు బదిలీ అయింది, నాకు ఓపిక తగ్గింది. ఆగిపోయింది.

పేరు పెట్టింది మా ముగ్గురిలో ఎవరం కాదు. మేం 'గళం', 'స్వరం', 'చైతన్యం' అంటూ సంస్కృతంలో వెతుక్కుంటున్నాం. మా ఇంటికి వడ్లు చెరగడానికి వచ్చిన పెద్దమ్మ ఒకామె "ఏందమ్మా మీ లొల్లి" అని అడిగింది. చెప్పాం. "అయితే ఇయ్యాల ఈమె రాసింది ఆమె సదువుతది, రేపు ఆమె రాసింది ఈమె సదువుతది. మా నాట్ల కాడి లెక్కనే గదా" అని, చాట పక్కన పెట్టి ఒక మాట చెప్పింది. కూలి ఇచ్చుకోలేని ఇళ్లవాళ్లు నాట్లప్పుడు పని కలుపుకుంటారు. ఇవాళ నీ మడిలో నేను, రేపు నా మడిలో నువ్వు. అట్లా పని కలుపుకున్న ఆడవాళ్లు ఒకరినొకరు పిలుచుకునే మాట అది. అక్క, వదిన, యారాలు లాంటి చుట్టరికాలన్నీ పుట్టుకతోనో పెళ్లితోనో వస్తాయి. ఇది నడుము నొప్పితో వచ్చే చుట్టరికం. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, పేరు కుదిరిపోయింది. ఆమెకు చదువు రాదు. మొదటి సంచిక చేతిలో పెడితే తలకిందులుగా పట్టుకుని, "గిదేనా నా మాట?" అని అక్షరాల మీద వేలుపెట్టి తడిమింది.

ఇప్పుడు దరఖాస్తు. దాని నకలు ఆమే నాకు పంపింది, దాచలేదు. యజమాని అన్న చోట ఒక్క పేరుంది. నర్సమ్మ లేదు, నేను లేను, పెద్దమ్మ ఎట్లాగూ లేదు. మూడు తరగతుల్లో వేసింది. 16 అంటే పుస్తకాలు, పత్రికలు, అచ్చు కాగితాలు. 41 అంటే చదువు, సభలు, వినోదం వగైరా. ఆ రెండూ సరే. వకీలు సలహా మీద 30 కూడా పెట్టింది. 30లో కారం, పసుపు, మసాలా పొళ్లు వస్తాయి. "రేపు మనం పొళ్లు అమ్మినా అమ్మొచ్చు, ముందే పెట్టుకుంటే మంచిదని చెప్పిండక్కా" అంది. 2017 నిబంధనల ప్రకారం ఒక మనిషి సొంతంగా ఆన్‌లైన్లో వేసుకుంటే తరగతికి 4,500 రూపాయలు. మూడింటికి 13,500. మా దగ్గర మిరపకాయ ఏరే మనిషికి అది ఎన్ని రోజుల కూలో మీరే లెక్కేసుకోండి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. తెలుగు మాటను రిజిస్టర్ చేయమని అడిగితే దాని ఉచ్చారణ, అర్థం ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాసివ్వాలి. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ కిందికి వస్తాయి, అక్కడ చూసే అధికారికి తెలుగు రావాలని రూలేమీ లేదు. అర్థం అన్న చోట 'సిస్టర్‌హుడ్' అని రాసి ఉంది. మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వలేకపోయాను. మడి పోయింది, బురద పోయింది. ఒకరికొకరు బాకీపడి తీర్చుకునే ఒక రోజు చాకిరీ పోయింది. మనం సభల్లో చెప్పుకునే తియ్యటి మాటొకటి మిగిలింది. వాడుకభాషలో మామూలుగా చెల్లే మాటను ఒకరి గుర్తుగా ఇవ్వకూడదని చట్టంలో 9వ సెక్షన్ ఉంది. కానీ అది నాట్ల కాడ అందరి నోట్లో ఉండే మాటని చెన్నై అధికారికి ఎవరు చెప్పాలి? దరఖాస్తు వేసినవాళ్లే చెప్పాలి. చెబితే దరఖాస్తుకే ఎసరు. కాబట్టి ఎవరూ చెప్పరు, అర్థం ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఆ మాట కొత్తగా, ఎవరూ వాడనిదిగా కనబడుతుంది.

30వ తరగతి దగ్గరికి వస్తాను. మా పక్క ఊరి పొదుపు సంఘం ఆడవాళ్లు కొందరు 2012 నుంచి కారం పట్టించి అమ్ముతున్నారు. కేసముద్రం మార్కెట్ యార్డు మిర్చికీ పసుపుకీ పేరున్నదని మీకు తెలుసు కదా. సీజన్లో ఆ గేటు ముందర గోనె పట్టా పరుచుకుని కూర్చుంటారు. ప్యాకెట్ల మీద స్కెచ్ పెన్నుతో ఆ మాటే రాస్తారు. మా పత్రిక చూసి పెట్టుకున్నారో, వాళ్ల అమ్మల నోట విని పెట్టుకున్నారో నేనెప్పుడూ అడగలేదు. అడిగే హక్కు నాకెక్కడిది? రేపు రిజిస్ట్రేషన్ వస్తే ఆ ప్యాకెట్ల మీద ఆ మాట రాయొద్దని నోటీసు ఇవ్వొచ్చు. ఆమె ఇవ్వదు, నాకు తెలుసు. కానీ ట్రేడ్‌మార్కు ఆస్తి. అమ్ముకోవచ్చు, ఇంకొకరికి రాసివ్వొచ్చు, వారసులకు పోతుంది. పదేళ్లకోసారి రుసుము కడుతూ పోతే దానికి ముసలితనం లేదు. ఆమె కొడుకు మంచివాడే. ఆయన దగ్గర కొనుక్కునేవాడు ఎవడో మనకు తెలియదు.

"ఆ ఆడవాళ్లకు చట్టంలోనే రక్షణ ఉంది కదా" అన్నాడు ఆమె వకీలు, ఫోన్లో నాతోనే. ఉంది. 34వ సెక్షన్. ముందు నుంచీ ఆపకుండా వాడుతున్నవాళ్లను, తర్వాత వచ్చి రిజిస్టర్ చేసుకున్నవాళ్లు ఆపలేరు. చదువుతుంటే ఎంత న్యాయంగా ఉందో! ఇక ఆ సంఘం ఆడవాళ్లు 2012 నుంచి వాడుతున్నామని రుజువు చేసుకోవాలి. బిల్లు పుస్తకం ఏది? ప్రకటన ఏది? ఏడాదికి ఎంత అమ్మారో ఆడిట్ లెక్క ఏది? పావుకిలో కారం తూచి ఇచ్చే మనిషి బిల్లు రాస్తుందా? కొన్నవాళ్లు ఖాళీ ప్యాకెట్ దాచుకుంటారా? పోనీ ముందే అభ్యంతరం చెప్పొచ్చంటే, ట్రేడ్‌మార్కుల జర్నల్లో ప్రకటన వచ్చిన నాలుగు నెలల్లోపు చెప్పాలి. ఆ జర్నల్ వారం వారం ఇంగ్లీషులో కంప్యూటర్లో వస్తుంది. అభ్యంతరానికి ఆన్‌లైన్లో తరగతికి 2,700 రుసుము, ఆపైన వకీలు ఖర్చు. గేటు ముందర కూర్చున్న ఆమెకు ఆ జర్నల్ ఉందని చెప్పేది ఎవరు?

మా పత్రిక పరిస్థితి మాత్రం ఏం గొప్ప? 'ప్రైవేటు సర్క్యులేషన్ కొరకు మాత్రమే' అని మేమే రాసుకున్నాం. చట్టం 'వ్యాపార క్రమంలో' వాడకం గురించి మాట్లాడుతుంది. పుస్తకాల పేర్లకు కాపీరైటు కూడా లేదని 2015లో 'దేశీ బాయ్స్' సినిమా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అంటే అమ్మని మాటకు ఈ చట్టాల్లో చోటు తక్కువ. ఆడవాళ్లు చేసే పనిలో ఎక్కువ భాగం అమ్మనిదే. వంట పనికి కూలి లెక్క లేదని మనం ఎన్నేళ్లుగా రాస్తున్నాం! అదే లెక్క పేర్ల దగ్గరికి కూడా వచ్చిందని నాకు ఈ దరఖాస్తు చూశాకే తట్టింది.

పసుపు సంగతి గుర్తు చేస్తాను. అది పేటెంటు, ట్రేడ్‌మార్కు వేరని నాకు తెలుసు, కానీ రుజువుల కథ ఒకటే. గాయానికి పసుపు పెట్టడం మీద 1995లో అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయం వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చారు. కనిపెట్టినవాళ్లుగా రాసుకున్న ఇద్దరూ భారత సంతతివాళ్లే, బయటివాళ్లు కారు. మన సీఎస్ఐఆర్ పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. ఎట్లా? పాత సంస్కృత గ్రంథాలు చూపించింది, 1953లో ఒక భారతీయ వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం చూపించింది. అచ్చు కాగితం కావలసి వచ్చింది. తెగిన వేలికి పసుపు అద్దిన కోట్ల మంది అమ్మల చేతులు ఆ పేటెంటు కార్యాలయం మెట్లెక్కడానికి పనికిరాలేదు. ఆ పేటెంటు పోయినందుకు మనమంతా పండగ చేసుకున్నాం. ఏ సాక్ష్యంతో పోయిందో మాట్లాడుకోలేదు.

మన బాధలకే గుర్తులు వేసుకోవడానికి వరస కట్టిన సంగతులు కూడా చూశాం. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ల నుదుటి బొట్టు మీద ఒక సైనిక చర్యకు పేరు పెట్టారు. మే 7న ఆ పేరు బయటికి వచ్చింది, అదే రోజు 'ఆపరేషన్ సిందూర్' అన్న పేరు తమకు కావాలని 41వ తరగతిలో దరఖాస్తులు పడ్డాయి. అందులో రిలయన్స్‌వాళ్లది ఒకటి. గగ్గోలు లేచేసరికి మర్నాడే వెనక్కి తీసుకున్నారు. ఎవరో చిన్న ఉద్యోగి అనుమతి లేకుండా పొరపాటున వేశాడని వివరణ. 41 అంటే వినోదమని పైన చెప్పాను కదా. అమెరికాలో 2017 అక్టోబరులో ఆడవాళ్లు 'మీటూ' అంటూ నోరు విప్పగానే హార్డ్ కాండీ అనే సౌందర్య సాధనాల కంపెనీ ఆ పేరును అత్తరులకు, రంగులకు అడిగింది. తిట్లు తిని కొన్ని నెలల్లో వదులుకుంది. ఇవన్నీ కంపెనీలు, వాళ్లనుంచి మనం ఇంతకంటే ఆశించం. 2017లో వాషింగ్టన్‌లో మహిళల కవాతు జరిగాక, దాని పేరుతో ఏర్పడిన సంస్థే ఆ 'విమెన్స్ మార్చ్' అన్న మాటను ట్రేడ్‌మార్కు చేయమని అడిగింది. వేరే ఊళ్లలో అదే పేరుతో కవాతులు చేసిన ఆడవాళ్లు ఎదురు తిరిగారు. 2019లో ఆ ప్రయత్నం మానుకున్నారు. ఆడవాళ్లే, స్త్రీవాదులే! నాకు ఈ మూడోదే భయం.

అయితే పేరు వాడుకోవడానికీ కంచె వేయడానికీ తేడా చూడాలి. నమస్తే తెలంగాణ ఆదివారం పుస్తకానికి 'బతుకమ్మ' అని పెట్టుకున్నారు, నవతెలంగాణవాళ్లు 'సోపతి' అని పెట్టుకున్నారు. అందువల్ల మనం బతుకమ్మ ఆడడం మానలేదు, సోపతులు తెగిపోలేదు. మా ఊరి తర్వాత వచ్చే పెద్ద స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది, రైల్లో సగం మంది మానుకోట అంటారు, ఎవరూ ఎవరినీ ఆపరు. నా చెల్లెలు ఆ పేరుతో పుస్తకాలు వేయడం మీద నాకు ఏనాడూ అభ్యంతరం లేదు. 2019 నుంచి ఏడు పుస్తకాలు వేసింది. ఏడూ ఆడవాళ్లవే, అందులో రెండు మొదటిసారి రాసినవాళ్లవి. గాజులు కుదువపెట్టి వేసింది. ఒక్కటి కూడా పెట్టుబడి తేలేదు.

అందుకే ఆమె వాదన కూడా ఆమె మాటల్లోనే చెప్పాలి. "అక్కా, పుట్టినప్పుడు మా నాయిన ఇంటిపేరు, పెండ్లయినంక ఆయన ఇంటిపేరు. పొలం మా తమ్మునికి పట్టా అయింది. ఇల్లు ఆయన పేరు మీద ఉన్నది. నలభై ఎనిమిదేండ్లకు ఒక్క కాగితం మీద యజమాని అని నా పేరు వస్తుంటే, అడ్డం పడేది నువ్వా?"

రెండు రోజులు నాకు జవాబు దొరకలేదు. నేను సర్కారు ఉద్యోగిని, ఇల్లు నా పేరు మీద ఉంది, పింఛను నా ఖాతాలో పడుతుంది. కాగితం విలువ లేదని చెప్పడం నాకు సులువు. అన్నీ ఉన్నవాళ్లు ఆస్తి మాయ అని చెబుతుంటే మనకు ఎట్లా ఉంటుందో ఆమెకూ అట్లాగే ఉండి ఉంటుంది. ఈ మధ్య హైదరాబాదులో ఎవరో మగ ప్రచురణకర్త అదే మాటను తన పుస్తకాల వరసకు పెట్టుకోబోతున్నాడని ఆమెకు కబురు వచ్చిందట, ఆ భయం కూడా నిజమే. ఆమెకు దురాశ అని ఎవరన్నా అంటే నేనే పోట్లాటకు వెళ్తాను.

అయినా కాదనే అంటున్నాను. పొలంలో వాటా ఇవ్వనిది తమ్ముడు. ఇల్లు రాయనిది మొగుడు. ఆ లోటు తీర్చుకోవడానికి మడిలో నిలబడ్డ ఆడవాళ్ల మాటను పట్టా చేయించుకుంటే వాళ్లకు ఏం పోయింది? తమ్ముడి పొలం తమ్ముడి దగ్గరే ఉంది. నష్టపోయేది గేటు ముందర కారం అమ్ముకునే ఆమె, పదిహేనేళ్ల క్రితం చనిపోయిన పెద్దమ్మ మనుమరాండ్లు. వాటా అడగాల్సిన చోట అడగలేక, అడిగేవాళ్లు లేని చోట తీసుకోవడం మనకు అలవాటయింది. ఈ మాట ఆమెతో అన్నప్పుడే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అన్నదాన్ని వెనక్కి తీసుకోలేదు.

ఇంకో మాట. 2003 నుంచి 'తను' వాడుతున్నట్టు ప్రమాణపత్రం. ఆ సంచికల్లో చేతిరాత ముగ్గురిది, మాటలు నూరు మందికి పైగా ఆడవాళ్లవి. ప్రమాణపత్రంలో ఆమె పేరుండి, వెనక రుజువుగా వాళ్ల కన్నీళ్లు కుట్టి ఉంటాయి. రైతు ఆత్మహత్యల వార్తల్లో 'భార్య' అని రాసినవాళ్ల మీద కోపంతోనే కదా పత్రిక పెట్టింది! ఇప్పుడు వాళ్లు 'ఎగ్జిబిట్ ఎ' అవుతారా?

మరి ఎవడో ఎత్తుకుపోతే? ఎత్తుకుపోకుండా ఉండడానికి యజమాని ఒక్కరే ఉండాలని చట్టం కూడా అనడం లేదు. ట్రేడ్‌మార్కుల చట్టంలోనే సామూహిక గుర్తు అని ఒకటుంది. సభ్యులున్న సంఘం దాన్ని పెట్టుకోవచ్చు, ఎవరు ఎట్లా వాడొచ్చో నియమాలు రాసి దాఖలు చేయాలి. మన సొసైటీల చట్టం కింద సంఘానికి ఏడుగురు చాలు. నర్సమ్మ, నేను, ఆమె ముగ్గురం అయ్యాం. కారం సంఘం నుంచి ఇద్దరు, పెద్దమ్మ మనుమరాండ్లు ఇద్దరు. ఈ సంగతి చెబితే "ఏడుగురు ఆడోళ్లు ఒక్క మాట మీద ఉంటరా అక్కా?" అని నవ్వింది. మగవాళ్లు అనాల్సిన మాట ఆమె నోట వింటే నాకూ నవ్వొచ్చింది.

అది కూడా కంచే, ఒప్పుకుంటున్నాను. మా జిల్లా పక్కనే వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిమ్మంపేట రైతుల కంపెనీ దరఖాస్తు చేసింది, మా జిల్లాలో ఉన్న మల్యాల ఉద్యాన పరిశోధనా కేంద్రం తోడు నిలిచింది. ఆ గుర్తింపును ట్రేడ్‌మార్కులాగా అమ్ముకోవడానికీ తాకట్టు పెట్టడానికీ చట్టం ఒప్పదు. ఆ మేరకు మంచిదే, సంతోషించాను. కానీ దాన్ని వాడుకునే హక్కుదారుగా నమోదు కావాలంటే ఉత్పత్తిదారు అనిపించుకోవాలి. వంగి వంగి మిరపకాయ ఏరి, మంట చేతులతో ఇంటికి వచ్చి పిల్లను ఎత్తుకోవడానికి భయపడే కూలి మనిషి ఆ లెక్కలోకి వస్తుందా? చేను పట్టా మగవాడి పేరు మీద ఉంటే ఆ ఇంటి ఆడమనిషైనా వస్తుందో లేదో. కాబట్టి సంఘం పెట్టగానే అన్నీ అయిపోతాయని నేను అనడం లేదు. నియమాల్లో మొదటి వాక్యం ఏం రాస్తాం అన్నది ముఖ్యం. నా మటుకు ఆ మాట పలికే ఏ ఆడమనిషీ దాన్ని తన సరుకు మీద, తన రాత మీద రాసుకోకుండా ఎవరూ ఆపకూడదని రాయాలి. అట్లా రాస్తే రిజిస్ట్రీ ఒప్పుకుంటుందా అని వకీలు సందేహం. అడిగి చూద్దాం. ఒప్పుకోకపోతే రిజిస్ట్రేషనే వద్దు. 30వ తరగతి మాత్రం ఇవాళే తీసేయాలి, అందులో బేరం లేదు.

భండారు అచ్చమాంబ కథలు 1902లో 'హిందూ సుందరి'లో వచ్చాయి. ఆమె 1905లో, ముప్పై దాటీ దాటకుండానే చనిపోయింది. 1910 నాటి 'దిద్దుబాటే' తొలి తెలుగు కథ అని దశాబ్దాల పాటు చదువుకున్నాం, నేను బళ్లో పిల్లలకు అట్లాగే చెప్పాను కూడా. మనవాళ్లు ఆ మాటను ప్రశ్నించగలిగారంటే అచ్చమాంబ దగ్గర ఏదో సర్టిఫికెట్ ఉన్నందుకు కాదు. తేదీ వేసిన సంచికలను ఎవరో పారేయకుండా ఉంచినందుకు. నా రేకు పెట్టె మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఆ పెట్టెలో ఉన్నవి ఇరవై మూడు. వాటిని ఏడు సెట్లు జిరాక్సు తీయిస్తున్నాను. స్టేషన్ రోడ్డులో ఆ పాత షాపు లేదు, ఆ షాపాయన కొడుకు మార్కెట్ దగ్గర పెట్టుకున్నాడు, వాళ్ల నాన్నతో మేం చేసిన బేరాలు గుర్తుచేసి తక్కువకే ఒప్పించాను. ఒక సెట్ నా చెల్లెలికి కూడా పంపుతాను, వద్దన్నా పంపుతాను. ఒక సెట్ కారం సంఘానికి.

పదకొండో సంచిక నా దగ్గర లేదు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరెవరు ఎవరితో పని కలుపుకునేవాళ్లో పెద్దమ్మ చెప్పిందంతా అందులోనే రాశాం. నేకొండ, గార్ల, డోర్నకల్ దాకా ఆ సంచిక వెళ్లిందని గుర్తు. మీలో ఎవరి ఇంట్లోనన్నా అటక మీద ఉంటే, ముదురాకుపచ్చ అట్ట, ముందు చాట బొమ్మ ఉంటుంది. నాకు పంపొద్దు. మీ దగ్గరే ఉంచుకుని, వెనక అట్ట మీద మీ ఊరి పేరు, ఇవాళ్టి తేదీ వేసి, ఉందని ఒక కార్డు ముక్క రాయండి.